కిటికీ కింద ఆగే బండి

నా భార్య చనిపోయాక ఆమెను జంటలకు చూపించి బతికినవాడు ఆమె తమ్ముడు. అందులో చేయి కలిపింది నా కూతురు. ఇందులో రెండో మాట లేదు. వీధిలో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాస్తున్నాను.

నాది గుర్రపు బండి. కోటగోడ లోపలి పాత నగరంలో సాయంత్రం పూట జంటలను తిప్పే బండి. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వస్తారు, చేసుకోబోయేవాళ్ళు వస్తారు, పెళ్ళయి చాలాకాలమై మాటలు అయిపోయినవాళ్ళూ వస్తారు. గడియార స్తంభం దగ్గర ఎక్కుతారు. రాళ్ళు పరిచిన వీధి, టంకశాల, కూలిన రాణివాసం, పాత వంతెన చూసి మళ్ళీ గడియార స్తంభం దగ్గర దిగుతారు. వీపు వెనక మెత్తటి దిళ్ళు, కాళ్ళ మీదికి దుప్పటి, బండికి రెండు వైపులా ఇత్తడి దీపాలు. వీటన్నిటినీ కలిపి ప్రేమ అంటారు కోట చూసుకునే ఆఫీసువాళ్ళు. బోర్డు మీద అలాగే రాయించారు.

గైడు లేని బండిని కోట లోపలికి వదలరు. మా బండికి గైడు నా బావమరిది. వాణ్ణి అందరూ చిలక అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గా పెట్టాడు. వాడికి తెలియని రాజు లేడు, తెలియని రాణి లేదు. ఒక రాజు ఎలా చచ్చాడో మరిచిపోతే అక్కడికక్కడే ఇంకో చావు పుట్టిస్తాడు.

ముందు పలక మీద వాడూ నేనూ పక్కపక్కనే కూర్చుంటాం. వాడు జంట వైపు తిరిగి, నేను గుర్రం వైపు తిరిగి. జంటల బండి తోలేవాడు వెనక్కి తిరగకూడదు. అది మా పనిలో కట్టుబాటు. తిరిగాడంటే ఒదిగి కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి ఎడంగా జరుగుతారు. మాట్లాడకూడదు. దగ్గకూడదు. తుమ్ము వస్తే మింగాలి. వెనక కూర్చున్నవాళ్ళకు బండివాడంటే ఒక వీపు, అంతే. నాకు అది నచ్చింది. జనం మొహాలు చూసే సరదా నాకు లేదు. గొంతు వింటే చాలు, ఎవరు ఎవరితో విసిగిపోయారో తెలుస్తుంది.

మా ఇల్లు ఆ దారిలోనే ఉండేది. వంతెన దిగాక ఇరుకు సందు, అందులో కింది వాటా, సందులోకి తెరుచుకునే వంటింటి కిటికీ. నా భార్య కూరగాయల తొక్కలు ఆ కిటికీలోంచి గుర్రానికి వేసేది. గుర్రం అక్కడ ఆగడం నేర్చుకుంది. ఆమె పోయాక కూడా ఆగేది. తొక్కల కోసం ఆగేది. ఒక సాయంత్రం బండిలో జంట ఉండగా ఆగి, ఎంత అదిలించినా కదల్లేదు. వెనక నుంచి ఆడమనిషి, "ఏమైందండీ, ఎందుకాగింది?" అని అడిగింది. నా బావమరిది నోరు ఊరుకోదు.

"ఇది రోజూ ఇక్కడ ఆగుతుంది మేడమ్. ఈయన భార్య ఈ కిటికీలో దీపం పెట్టుకుని ఈయన కోసం ఎదురుచూసేది. ఈయన వచ్చేదాకా మెతుకు ముట్టేది కాదు. అలా ఎదురుచూస్తూనే ఒకరోజు ఈ కిటికీ దగ్గరే కన్నుమూసింది. మనుషులు మరిచిపోతారు మేడమ్. ఇది మరిచిపోలేదు."

వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఇక చూసుకోండి. ఆ రోజు నుంచి టంకశాల, రాణివాసం, వంతెన, నా భార్య.

నా భార్య ఎవరి కోసమూ ఎదురుచూసే మనిషి కాదు. దర్జీ పని చేసేది. చీకటి పడితే కుట్టు కళ్ళకు ఆనదని పెందలాడే తిని పడుకునేది. నేను తలుపు తడితే లోపలి నుంచే, "తాళంచెవి నీ జేబులోనే ఉంది కదయ్యా, నన్నెందుకు లేపుతావు?" అనేది. పడుకుంటే గురక. పక్క వాటావాళ్ళు గోడ మీద కొట్టేవాళ్ళు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పోయింది. ఆ గదికి కిటికీ లేదు. నా బావమరిది మంచం అవతలి వైపు నిలబడి ఉన్నాడు. వాడికి అన్నీ తెలుసు.

మానెయ్యమని చెప్పాను.

"ఊరుకో బావా. అక్క గురించి మంచే చెప్తున్నా కదా. తిట్టానా, కొట్టానా?"

"నువ్వు చెప్పేది మీ అక్క కాదు."

"మా అక్క సంగతి నాకు చెప్తావా? నీకంటే ముందు నుంచి తెలుసు నాకు. నన్ను చంకనెత్తుకుని ఊరంతా తిప్పింది."

"అయితే అదే చెప్పు."

"చంకనెత్తుకోవడం ఎవరు వింటారు బావా? వాళ్ళు జంటలు!"

బండి మా మామగారిది. పోతూ పోతూ మా ఇద్దరికీ కలిపి ఇచ్చి పోయాడు. ఆయన మాత్రం ఏ గొడవా లేకుండా పోయాడు. వాడు లేకుండా బండి కోటలోకి పోదు, నేను లేకుండా కదలదు. తోలుతూ వచ్చాను. చెవులు మూసుకుందామంటే చేతుల్లో పగ్గాలు.

ఆ గుర్రం ముసలిదై చచ్చిపోయింది. కొత్తదానికి నా భార్య ఎవరో తెలియదు. సందులో ఆగకుండా దౌడు తీసింది. "పగ్గం నువ్వే లాగు బావా. దానంతట అదే ఆగినట్టు ఉండాలి," అన్నాడు చిలక. లాగాను. ఎవరు మొదలుపెట్టారో గాని జంటలు కిటికీ ఊచలకు రిబ్బన్లు కట్టసాగారు. ఒకరు కట్టారని ఇంకొకరు. చివరికి కిటికీ రెక్క తెరుచుకోవడం మానేసింది. పోపు పెడితే ఘాటు బయటికి పోయే దారి లేదు. వాళ్ళ ప్రేమ వల్ల నా ఇంట్లో నేను దగ్గుతూ తినేవాణ్ణి.

నాకు ఒక్కతే కూతురు. తల్లి పోయేనాటికి దానికి పాలపళ్ళు కూడా ఊడలేదు. తల్లి మొహం గుర్తు లేదు. నేను ఇంట్లో ఆమె మాట ఎత్తేవాణ్ణి కాదు. పిల్ల ఆ వంటింట్లోనే, కిటికీ అవతల మేనమామ చెప్పే కథ రోజూ వింటూ పెరిగింది. పెరిగి తల్లి పనే పట్టుకుంది. పెద్ద బజారులో ఒక దుకాణానికి బట్టలు కుడుతుంది. తల్లి గురించి దానికి తెలిసిందంతా కిటికీలోంచి విన్నదే.

ఒక సాయంత్రం నడివయసు జంట ఎక్కింది. భర్త సరదాగా ఉండాలని తెగ ప్రయత్నిస్తున్నాడు. భార్య దారంతా దిండు సర్దుకుంటూనే ఉంది. వంతెన దిగి సందులోకి తిరిగాము. పగ్గం లాగబోతూ తలెత్తాను. రిబ్బన్లు కోసి తెరిచిన కిటికీలో దీపం ఉంది. దీపం వెనక నా భార్య నిలబడి ఉంది. ఆమె బూడిదరంగు శాలువా. ఆమె భుజాలు. ఆమె మెడ వంపు.

నా కూతురు. పెట్టెలోంచి తల్లి శాలువా తీసి కప్పుకుంది.

బండి ఆగింది. నేను లాగానో లేదో గుర్తు లేదు. పక్కన చిలక గొంతు తగ్గించాడు.

"చూడండి సార్. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు ఆ దీపం కనిపిస్తుంది."

వెనక భర్త, "చూశావా?" అన్నాడు. "నువ్వెప్పుడైనా నా కోసం ఇలా నిలబడ్డావా?"

"ఏ వేళకి ఊడిపడతావో చెప్పి వెళ్తే నిలబడేదాన్ని," అంది భార్య. "చెప్పకపోతే కాళ్ళు వాచిపోవూ?"

అది నా భార్య అనదగ్గ మాట. అందుకే నా నోరు తెరుచుకుందేమో.

"ఆమె ఎప్పుడూ నిలబడలేదు," అన్నాను. వెనక్కి తిరగలేదు. గుర్రం చెవుల మధ్య నుంచి సందు చివరికి చూస్తూనే అన్నాను. "తిని పడుకునేది. గురకపెట్టేది. తాళంచెవి నీ దగ్గరుందిగా, నన్ను లేపకు అనేది. పోయింది ఇక్కడ కాదు, ఆసుపత్రిలో. ఆ గదికి కిటికీ లేదు. వీడు చెప్పేదంతా అబద్ధం."

కిటికీలో దీపం వణికింది. తర్వాత వెనక చప్పట్లు మొదలయ్యాయి. ఇద్దరూ కొట్టారు. ఆడమనిషి ఏడుస్తోంది.

"ఎంత బాగా చేశారండీ," అంది. "నిజంగా జరిగినట్టే ఉంది."

గడియార స్తంభం దగ్గర దిగేటప్పుడు భర్త నా భుజం తట్టాడు.

పాకలో గుర్రాన్ని విప్పుతుంటే బావమరిది వచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"బావా! ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావు? నేను ఉత్త ఏడుపుతో సరిపెడుతున్నా. నువ్వు నవ్వించి మరీ ఏడిపించావు. రోజూ చెప్పు. ఇలాగే, తిరక్కుండా. ఆ తిరక్కుండా చెప్పడం ఉంది చూడు, అదీ దెబ్బంటే!"

"పిల్లకి శాలువా ఎవరిచ్చారు?"

"అదే తీసుకుంది. నేను నిలబడమన్నాను, అంతే. బలవంతం చేశానా?"

"ఇంకోసారి అది కిటికీలో కనబడితే బండి వంతెన మీంచి కిందికి తోలేస్తాను. నువ్వు బండిలో ఉండగా."

"అది కూడా చెప్పు బావా," అన్నాడు. "బాగుంటుంది."

వాడితో మాట్లాడితే మాట దండగ. ఇంటికి వెళ్ళాను. కూతురు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. శాలువా మడిచి పక్కన పెట్టింది. తిడదామని నోరు తెరిచాను. అదే ముందు మాట్లాడింది.

"నాన్నా, అమ్మ నిజంగా గురకపెట్టేదా?"

"పెట్టేది."

"గట్టిగానా?"

"పక్క వాటావాళ్ళని అడుగు."

నవ్వింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది.

"మామయ్య చెప్పే అమ్మంటే నాకు భయం నాన్నా. అలా రోజూ నిలబడి, తినకుండా. నేనేమో ఆకలికి ఒక్క క్షణం ఆగలేను. ఆమె కడుపున నేనెలా పుట్టానా అనుకునేదాన్ని. అందుకే ఇవాళ శాలువా కప్పుకుని నిలబడి చూశాను, ఏమైనా తెలుస్తుందేమో అని. ఏమీ తెలియలేదు, కాళ్ళు నొప్పి పుట్టాయి. ఇంకేమైనా చెప్పవా?"

అంతవరకూ నన్ను ఎవరూ అలా అడగలేదు. చెప్పాను.

నా భార్యకు కోపం వస్తే అరిచేది కాదు. నా చొక్కా చెయ్యి చివర కుట్టేసేది. పొద్దున తొందరలో తొడుక్కుంటే వేళ్ళు బయటికి రావు. అప్పుడు తెలియాలి నాకు, నిన్న ఏదో చేశానని. కాలరుకు సూది గుచ్చి ఉండేది. ఏం చేశానో ఆమె ముందు నోటితో చెప్పి, ఆ సూదితో నేనే కుట్లు విప్పుకోవాలి. చెప్పింది తప్పయితే మర్నాడు రెండో చెయ్యి కూడా కుట్టేసేది. ఒకసారి ఏం చేశానో తేల్చుకోలేక కుట్టేసిన చెయ్యితోనే బండి కట్టాను. పాకల దగ్గర తోటి బండివాళ్ళు, "ఏమన్నా, వదిన ఇవాళ ఒంటిచేత్తోనే పంపిందా?" అని వారం పాటు ఏడిపించారు.

పిల్ల పొట్ట పట్టుకుంది. "ఏం చేశావు నాన్నా, ఆ రోజు?"

"కొత్త దుప్పటి గుర్రానికి కప్పాను."

"ఇంకా నయం, రెండు చేతులూ కలిపి కుట్టలేదు!"

అప్పుడు పెట్టె అడుగు నుంచి చొక్కా తీసి చూపించాను. నీలి గీతల చొక్కా. ఆమె పోయాక బట్టలు సర్దుతుంటే దొరికింది. కుడిచెయ్యి చివర కుట్టేసి ఉంది. ఆసుపత్రిలో చేరేముందు కుట్టి ఉంటుంది. నాకివ్వడానికి వ్యవధి దొరకలేదు. ఏం చేసి ఉంటానో ఎంత ఆలోచించినా తేలలేదు. తేలలేదు కాబట్టి విప్పలేదు. చెప్పకుండా విప్పడం మా ఇంట్లో లేదు.

కూతురు చొక్కాను ఒళ్ళో పరుచుకుని కుట్ల మీద వేలు నడిపింది.

"ఎంత సన్నగా వేసింది నాన్నా. కోపంలో కూడా ఒక్కటీ వంకర పోలేదు."

"ఇది ఇంట్లో మాట," అన్నాను. "బయట పడకూడదు. కిటికీలో కూడా ఇంక నిలబడకు."

"అలాగే నాన్నా."

కిటికీలో నిలబడలేదు. ఆ మాట నిలబెట్టుకుంది. చిలక మళ్ళీ పాత కథే చెప్పుకున్నాడు. కిటికీ దగ్గర నన్ను మోచేత్తో పొడిచి, "ఊఁ, చెప్పు బావా," అని గొణిగేవాడు. నేను గుర్రాన్ని చూసేవాణ్ణి. ఇంట్లో మాత్రం అన్నాల దగ్గర పిల్ల అడిగేది, నేను ఒక్కొక్కటి చెప్పేవాణ్ణి. నాకు అన్నం సహిస్తోందని అది గమనించి ఇంకొంచెం వడ్డించేది. ఆ రోజులు కూడా ఉన్నాయి. లేవని అనను.

తర్వాత ఒక సాయంత్రం కుర్ర జంట ఎక్కింది. ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు. టంకశాల దగ్గర నవ్వారు, రాణివాసం దగ్గర నవ్వారు. సందులో పగ్గం లాగాను. చిలక గొంతు సవరించుకున్నాడు.

"ఈయన భార్య దర్జీ. అలిగితే ఏం చేసేదో తెలుసా? ఈయన చొక్కా చెయ్యి కుట్టేసేది! నన్ను వదిలి పనికి వెళ్ళకు అని నోటితో చెప్పలేక సూదితో చెప్పేది."

నేను పనికి ఎంత త్వరగా వెళ్తే అంత సుఖపడే మనిషి ఆమె. పక్కన సంచీలోంచి ఏదో తీస్తున్న చప్పుడు.

"చివరిసారి ఆవిడ కుట్టిన చొక్కా ఇదిగో. మీరిద్దరూ కలిసి ఈ కత్తెర పట్టుకుని ఒక్క కుట్టు కత్తిరించండి. మీ మధ్య అలకలన్నీ ఈ సందులోనే పోతాయి."

"అయ్యో వద్దండీ," అంది అమ్మాయి. "పాపం, ఆవిడది కదా."

"ఒక్కటేగా, పట్టుకో," అన్నాడు అబ్బాయి.

కత్తెర కిచ్‌మంది.

తిరిగాను. ఆ బండి మీద కూర్చుని వెనక్కి తిరగడం అదే మొదలు. ఇద్దరూ పిల్లలు. దుప్పటి కప్పిన మోకాళ్ళ మీద నా చొక్కా పరుచుకుని ఉన్నారు. ఒక్క కుట్టే కత్తిరించారు. అబ్బాయి తెగిన దారం కొస దొరికిందని ఊరికే లాగాడు. వరసంతా ఊడి వాడి వేళ్ళకు వచ్చేసింది. చొక్కా చెయ్యి తెరుచుకుంది.

నా మొహం చూసి అమ్మాయి ఎడంగా జరిగింది. "నేను లాగలేదండీ," అంది. "ఈయనే."

చొక్కా తీసుకున్నాను. దారం కూడా అడిగి తీసుకున్నాను. పగ్గాలు చిలక ఒళ్ళో పడేసి దిగాను.

"బావా! గుర్రం బావా! నాకు తోలడం రాదు బావా!"

వాడికి మాటలు తప్ప ఏదీ రాదు. కళ్ళెం పట్టుకుని కాలినడకన జంటను గడియార స్తంభం దాకా తీసుకుపోయాడట. వీధంతా చూసి నవ్వారట. నేను చూడలేదు. నేను ఇంట్లో ఉన్నాను.

కూతురు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కిటికీలోంచి అంతా విన్నది. మొహం పాలిపోయింది.

"నువ్విచ్చావా?"

"మామయ్య అడిగాడు. ఒక్కసారి చూపించి తెచ్చేస్తానన్నాడు. కత్తిరిస్తారని నాకు తెలియదు నాన్నా, ఒట్టు."

"ఇంట్లో మాట అని చెప్పాను."

"మామయ్య ఇంట్లో మనిషి కాదా?"

చొక్కా నా చేతిలోంచి తీసుకుని దీపం ముందు పట్టుకుంది. "సూది గుచ్చిన చోట్లు అలాగే ఉన్నాయి నాన్నా. వాటిలోంచే వేస్తాను. అమ్మ చేతి కుట్టులాగే నాదీ సన్నం. తేడా కనపడదు." సూదిలోకి దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కించింది. కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది.

చిలక వచ్చేసరికి చెయ్యి మళ్ళీ మూసుకుపోయింది. గుమ్మంలోనే ఆగాడు. రొప్పుతున్నాడు. "తప్పయింది బావా," అన్నాడు. పిల్ల చేతిలో చొక్కా చూశాడు. వంగి, వెలుతురుకు తిప్పి చూశాడు. వాడి మొహం మారడం నేను చూశాను.

"అచ్చం అలాగే ఉందే! బావా, కోప్పడకుండా విను. పిల్ల రోజూ సాయంత్రానికి ఇలా కుట్టేసి ఇస్తే..."

నా కూతురి వైపు చూశాను. ఛీ, పో మామయ్యా అంటుందని చూశాను.

"కుట్టడం ఎంతసేపు," అంది.

గొడవ చల్లార్చడానికే అని ఉంటుంది. ఇద్దరి మధ్యా నలిగి ఏదో ఒకటి అని ఉంటుంది. ఏదైతేనేం, అంది. చొక్కా దాని దగ్గరే వదిలేశాను. అది ఇప్పుడు దాని చొక్కా.

బండిలో నా భాగం వాడికే రాసిచ్చాను. కుర్ర బండివాణ్ణి పెట్టుకున్నాడు. సందులో బండి ఇప్పటికీ ఆగుతుంది. నేను కోటగోడ బయట గది తీసుకుని పిండిమరకు మూటలు తోలుతున్నాను. మూటలు నవ్వవు, ఏడవవు, చప్పట్లు కొట్టవు.

కూతురు సెలవు రోజున వస్తుంది. కూర తెస్తుంది. బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా, "అమ్మ ఏ రంగు ఇష్టపడేది నాన్నా?" అంటుంది. "అమ్మకి పాటలు వచ్చా?" అంటుంది. కూర బాగుందని చెప్తాను. మామయ్యతో అననంటుంది, ఒట్టు పెడతానంటుంది. ఇంకొంచెం కూర వెయ్యమంటాను. దానికి కళ్ళనీళ్ళు వస్తాయి. రానీ.

దానికి చెప్పినవన్నీ ఇప్పుడు వాడి నోట్లో ఉన్నాయి. చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఆమె నవ్వితే ఎలా ఉండేదో, కిటికీ లేని ఆ గదిలో చివరికి నాతో ఏమందో నాకు తెలుసు. దానికి చెప్పలేదు, చెప్పను. ఇక్కడా రాయను. అడిగినవాళ్ళకు ఈ కాగితం చూపిస్తాను. దీని గురించి ఇక ఎవరితోనూ, ఎప్పుడూ మాట్లాడను.